కాలువ గట్టు మీద ఎలక్ట్రిక్ సైకిల్: నడిచేవారితో, జీవాలతో దారి పంచుకునే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో ఎలక్ట్రిక్ సైకిల్ కొన్నవారు కొద్దిరోజుల్లోనే పెద్ద రోడ్డు వదిలి కాలువ గట్టుకో, చెరువు కట్టకో, పొలాల మధ్య బండిబాటకో మళ్ళుతారు. లారీలూ బస్సులూ లేని చోట తొక్కాలనుకోవడం సహజం, ఆరోగ్యానికీ మంచిది. అయితే సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి కర్నూలు మీదుగా కడప వైపు సాగే కె.సి. కెనాల్ గట్టు గానీ, అనంతపురం జిల్లాలో హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) వెంబడి ఉన్న బాటలు గానీ, ఊరూరా ఉన్న చెరువు కట్టలు గానీ సైకిళ్ళ కోసం వేసినవి కావు. తెల్లవారుజామున నడకకు వచ్చే పెద్దలు, గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని ఇంటికి తిరిగే ఆడవాళ్ళు, జీవాలు తోలుకొనిపోయే కాపరులు, బడికి పోయే పిల్లలు, పైరుకు నీళ్ళు కట్టడానికి పోయే రైతులు తరతరాలుగా నడుస్తున్న దారులివి. వాటి మీదికి మోటారు ఉన్న సైకిల్‌తో వచ్చినవారు అందరికంటే చివర వచ్చినవారు. కాబట్టి ఎదురుపడ్డ ప్రతిసారీ దారి ఇవ్వవలసింది వారే, ఆగవలసిందీ వారే. ఈ ఒక్క మాటను ఒప్పుకుంటే కింద చెప్పబోయే పద్ధతులన్నీ కష్టం లేకుండా అలవాటవుతాయి.

ముందు మీ బండి ఏ తరగతిదో చూసుకోండి

మన దేశపు మోటారు వాహన నిబంధనల ప్రకారం మోటారు సామర్థ్యం 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బండి బరువు 60 కిలోలకు మించకుండా ఉంటే దాన్ని మోటారు వాహనంగా లెక్కించరు. పెడల్ తొక్కితేనే మోటారు సాయపడే రకమైతే వేగం 25 కిలోమీటర్లకు చేరేసరికి ఆ సాయం క్రమంగా తగ్గి ఆగిపోవాలి, తొక్కడం ఆపినా ఆగిపోవాలి. ఇలాంటి బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. ఈ పరిధి దాటినది, చూడటానికి సైకిల్ లాగా ఉన్నా, చట్టం దృష్టిలో మోటారు సైకిలే. దానికి ఆకుపచ్చ నంబరు ప్లేటు, లైసెన్సు, బీమా, హెల్మెట్ అన్నీ ఉండాలి, అది తిరగవలసింది రోడ్డు మీదే. దుకాణంలో 250 వాట్ల బండి అని కొని, తరువాత మెకానిక్ చేత వేగం అడ్డు తీయించి 40 కిలోమీటర్లకు పరిగెత్తించేవారున్నారు. అలా చేసిన క్షణం నుంచి ఆ బండి చట్టపు రక్షణ కోల్పోతుంది. అలాంటి బండిని గట్టు మీదికి తీసుకురావద్దని నా గట్టి మాట.

హెల్మెట్ విషయంలో చట్టం మిమ్మల్ని నిర్బంధించకపోయినా పెట్టుకోవడమే సరి. గరుసు మీద చక్రం జారి పడినప్పుడు తల తగిలేది కాలువ అంచున పేర్చిన రాతికో, తూము గోడకో.

బయలుదేరే ముందు చూసుకోవలసిన వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు పట్టినప్పుడు మోటారు ఆగుతున్నదా లేదా అన్నది. సరైన బండిలో బ్రేకు మీటలోనే ఒక స్విచ్చి ఉంటుంది, మీట కొద్దిగా నొక్కగానే మోటారుకు కరెంటు తెగిపోతుంది. బండిని స్టాండు మీద నిలిపి, వెనుక చక్రం నేలకు తగలకుండా ఎత్తి, థ్రాటిల్ (తిప్పితే మోటారు వేగం పెంచే పిడి) ఇచ్చి తిప్పుతూ బ్రేకు మీట మెల్లగా నొక్కితే అది పనిచేస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. అది పనిచేయకపోతే మీరు ఆపుతుంటే మోటారు తోస్తూ ఉంటుంది. ఆ బండిని ఆ రోజు బయటికి తీయకండి. గంట, ముందు తెల్ల రిఫ్లెక్టరు, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు, రెండు దీపాలు, టైర్ల గాలి మిగిలినవి.

వేగం లెక్క

గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. ఎదురుగా పిల్లవాడు గట్టు ఎక్కి వచ్చాడని కన్ను చూసి, చెయ్యి బ్రేకు పట్టేసరికి సుమారు ఒక సెకను గడుస్తుంది, అంటే బ్రేకు పడకముందే 7 మీటర్లు పోయినట్లే. గరుసు నేల మీద, గట్టిగా పడితే ముందు చక్రం జారుతుంది కనుక మెల్లగా ఆపవలసిందే, దానికి మరో 8, 9 మీటర్లు పడుతుంది. మొత్తం 15 మీటర్లకు పైమాటే. అదే 12 కిలోమీటర్ల వేగంలో ఐదారు మీటర్లలో ఆగవచ్చు. తగిలితే దెబ్బ తీవ్రత వేగానికి వర్గంగా పెరుగుతుంది కనుక 12కూ 25కూ మధ్య తేడా నాలుగు రెట్లకు పైనే. పైగా మామూలు సైకిల్ కంటే బ్యాటరీ, మోటారుతో కలిపి ఈ బండి బరువు ఎక్కువ.

అందుచేత మనుషులు కనబడుతున్నంతసేపూ 12కు మించవద్దు, వారి పక్కనుంచి దాటేటప్పుడు నడక కంటే కొంచెం ఎక్కువగా, 8 కిలోమీటర్ల దగ్గర ఉంచండి. దారి ఖాళీగా కనబడినా గట్టు మలుపుల దగ్గర, సర్కారు తుమ్మ దట్టంగా పెరిగి పక్కబాట కనబడని చోట్ల, తూముల దగ్గర, రేవు మెట్ల దగ్గర ఇదే వేగం పాటించాలి. ముందు ఎంత దూరం స్పష్టంగా కనబడుతున్నదో అందులో సగం దూరంలో ఆగగలిగేలా తొక్కడం మంచిది, ఎందుకంటే అటువైపు నుంచి మరో బండి కూడా వస్తూ ఉండవచ్చు.

వెనుక నుంచి దాటేటప్పుడు

మోటారు సైకిల్ వస్తే శబ్దం ముందే వినబడి మనిషి పక్కకు జరుగుతాడు. మామూలు సైకిల్ నిదానంగా వస్తుంది. ఎలక్ట్రిక్ సైకిల్‌కు మోటారు వేగం ఉంది, శబ్దం లేదు. నడిచేవారికి అది భుజం పక్కకు వచ్చేదాకా తెలియదు. గట్ల మీద పెద్దలు భయపడేదీ కోపగించేదీ ఇందుకే, వారి కోపంలో న్యాయం ఉంది.

ఇరవై ఇరవై ఐదు మీటర్ల దూరంలో ఉండగానే ఒకసారి గంట కొట్టండి. కొట్టిన వెంటనే వేగం తగ్గించండి, వారు తిరిగి చూసేదాకా దగ్గరికి పోవద్దు. చూడకపోతే మరింత నెమ్మదించి నోటితో పలకరించండి: "పెద్దాయనా, కుడి పక్కన పోతాండా" అనో, "అవ్వా, సైకిల్ వస్తాంది, నువ్వు నడువు, నేనే మెల్లగ పోతా" అనో చెబితే చాలు. ఎటు పక్క నుంచి పోతున్నదీ చెప్పడం, వారు జరగనక్కరలేదని చెప్పడం, ఈ రెండూ ముఖ్యం. ఊరికే "పక్కకు, పక్కకు" అని అరిస్తే ముసలివారు కంగారుపడి ఏ పక్కకు అడుగు వేస్తారో వారికే తెలియదు, తరచుగా మన చక్రానికి అడ్డంగానే వేస్తారు. బ్యాటరీ హారన్ ఉన్నా గట్టు మీద దానితో పని లేదు. అది మనుషులను ఉలిక్కిపడేలా చేస్తుంది, పశువులను బెదరగొడుతుంది.

నెత్తిన గడ్డిమోపు గానీ కట్టెల మోపు గానీ ఉన్న మనిషి మెడ తిప్పి వెనక్కు చూడలేదు. మోపు చెవులను కూడా సగం కప్పుతుంది. కాబట్టి గంట కొట్టి, వినబడిందని అనుకొని దాటకండి. దిగి, బండిని నడిపించుకుంటూ వెనుకే కొంత దూరం పోయి, గట్టు వెడల్పైన చోట మాట చెప్పి ముందుకు రండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న యువకుల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. ఇద్దరు ముగ్గురు వరుసగా మాట్లాడుకుంటూ నడుస్తుంటే వారి మధ్యలోంచి పోవద్దు, ఎప్పుడూ ఒకే అంచు నుంచి పోవాలి.

మన రహదారి పద్ధతి ఎడమ పక్కన పోవడం, కుడి పక్క నుంచి దాటడం. గట్టు మీద కూడా సాధారణంగా అదే పాటించాలి. ఒక్క మినహాయింపు ఉంది, అది చాలా పెద్దది. కాలువ నిండుగా పారుతున్నప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ నడిచే మనిషిని నీళ్ళ వైపుకు నెట్టేలా దాటకూడదు. సిమెంటు లైనింగు ఉన్న కాలువ వాలు పాచి పట్టి జారుతుంది, ఈత వచ్చినవారికి కూడా పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. నీళ్ళ వైపు మీరు పోవడమూ మంచిది కాదు, మీ కింద ఉన్నది ఇరవై పాతిక కిలోల బండి. ఇరుకు గట్టు మీద ఎదురుపడితే మీరు ఆగి, కాలు కింద పెట్టి, వారిని పొలం వైపు నుంచి పోనివ్వండి. వారు దాటాక కదలండి. దీనికి పట్టేది అర నిమిషం.

ఆగినప్పుడు చేసే ఒక పొరపాటు గురించి ఇక్కడే చెప్పాలి. థ్రాటిల్ ఉన్న బండిని దిగి నడిపించేటప్పుడు కుడి చెయ్యి అలవాటుగా థ్రాటిల్ మీదే ఉంటుంది, కాలు తడబడితే చెయ్యి బిగుస్తుంది, బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. జనంలో దిగిన వెంటనే తాళం తిప్పి మోటారు ఆపాలి. ఎత్తు ఎక్కించడానికి బరువనిపిస్తే, కొన్ని బండ్లలో నడక వేగానికి తోసే ప్రత్యేక బటన్ ఉంటుంది, దాన్ని వాడవచ్చు. పెడల్ సాయం ఉన్న బండ్లలో కూడా చవక రకాలలో తొక్కడం ఆపాక క్షణంపాటు మోటారు తిరుగుతూనే ఉంటుంది. మీ బండికి ఆ గుణం ఉంటే ఖాళీ స్థలంలో అలవాటు చేసుకున్న తరువాతే గట్టు మీదికి రండి.

జీవాలు, ఎద్దులు, కుక్కలు

జీవాల మంద ఎదురైతే దాటడానికి ప్రయత్నించకండి. ఒక పక్కకు ఆపి, మోటారు కట్టేసి, కదలకుండా నిలబడితే మంద మీ చుట్టూ నీళ్ళలాగా సాగిపోతుంది. గొర్రె ఒకటి ఎటు దూకితే మిగిలినవి అటే దూకుతాయి కనుక మంద మధ్యలోకి బండి పోనిస్తే సగం జీవాలు ఒక పక్క, సగం మరో పక్క అయి, తల్లీ పిల్లా విడిపోయి, వాటిని తిరిగి కలపడానికి కాపరికి పొద్దు పోతుంది. వెనుక నుంచి వెళుతుంటే కాపరికి వినబడేలా "అన్నా, దాటల్లా" అని చెప్పి, ఆయన మందను ఒక పక్కకు అదిమాక ఆయన చూపిన వైపే పోవాలి.

ఎద్దుల బండిని వెనుక నుంచి చప్పుడు లేకుండా దాటడం మరీ ప్రమాదం. కంటికి పక్కగా ఏదో ఉన్నట్టుండి కదిలితే ఎద్దు బెదిరి లాగుతుంది, బండికి బ్రేకులు లేవు, గట్టు దిగే వాలులో మోపు ఉన్న బండి ఆగదు. తోలేవాడితో ముందు మాట్లాడి, ఎద్దులు మన గొంతు విన్న తరువాత, వీలైనంత ఎడం ఇచ్చి దాటాలి. బరువుతో వస్తున్న బండి ఎదురైతే మనమే గట్టు దిగి నిలవాలి. ఎండాకాలంలో బర్రెలు కాలువలో పడుకొని ఉన్నట్టుండి వరుసగా గట్టెక్కుతాయి. నీళ్ళలో బర్రెలు కనబడితే, గట్టు ఖాళీగా ఉన్నా, వేగం తగ్గించడమే తెలివి.

కుక్క వెంటబడితే థ్రాటిల్ తిప్పి తప్పించుకోవాలని అనిపిస్తుంది. అది కుక్కను ఇంకా రెచ్చగొడుతుంది, మీ చూపు వెనక్కు పోయి ముందున్న మనిషి కనబడడు. ఆగి, దిగి, బండిని కుక్కకూ మీకూ మధ్య పెట్టుకొని గట్టిగా అదిలిస్తే చాలాసార్లు వెనక్కు తగ్గుతుంది. కరిస్తే పుండును సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి.

నేల, గాలి, రోడ్డు మీద ఆరబోసిన పంట

నల్లరేగడి మీద వాన పడితే రెండు మూడు రోజులు ఆ బాట జోలికి పోవద్దు. నంద్యాల, జమ్మలమడుగు వైపు తొక్కినవారికి తెలుసు, మట్టి మడ్‌గార్డుకూ చక్రానికీ మధ్య బిగుసుకొని చక్రమే తిరగదు. అప్పుడు మోటారును బలవంతం చేస్తే అది వేడెక్కి పాడవుతుంది. దీనికంటే పెద్ద కారణం ఒకటుంది. తడి కట్ట మీద చక్రం చేసిన గాడిలో తరువాతి వాన నీళ్ళు పారి, గాడి కోతగా మారి, కట్ట బలహీనపడుతుంది. పోరుమామిళ్ళ చెరువుకు 1369 నాటి శాసనం ఉంది, ఆరున్నర శతాబ్దాలుగా అలాంటి మట్టి కట్టలను ఊళ్ళు కాపాడుకుంటూ వస్తున్నాయి. కట్ట వాలు మీద ఎక్కీ దిగీ ఆడుకోవడానికి అది మైదానం కాదు. కట్ట మీదికి బండిదారి ఉన్న చోటే ఎక్కండి, దిగండి.

ఎర్రనేల తొందరగా ఆరుతుంది కానీ దాని మీద సన్న గరుసు చక్రం కింద గుండ్రాళ్ళలా దొర్లుతుంది, మలుపులో ముందు బ్రేకు పట్టవద్దు, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. తుమ్మముళ్ళూ పల్లేరుకాయలూ మన బాటల మీద తప్పవు కనుక ట్యూబు, అతుకులు, చేతిపంపు దగ్గర ఉంచుకోండి. వెనుక చక్రంలో మోటారు ఉన్న బండికి ఆ చక్రం విప్పడం కష్టం, దానికి కావలసిన స్పానరు కూడా సంచిలో ఉండాలి.

జూన్ నుంచి ఆగస్టు వరకు అనంతపురం వైపు పడమటి గాలి బలంగా వీస్తుంది, రామగిరి కొండల మీద గాలిమరలు నిలిపింది ఆ గాలిని నమ్ముకొనే. ఎదురుగాలిలో తొక్కేటప్పుడు మీ గంట శబ్దం మీ వెనక్కే కొట్టుకుపోతుంది, ముందున్నవారికి వినబడదు. అప్పుడు మరింత దగ్గరికి, మరింత నిదానంగా పోయి పలకరించాలి. గాలి వెనుక నుంచి వీస్తుంటే బ్యాటరీ ఖర్చు తక్కువగా కనబడి దూరం పోయేలా మభ్యపెడుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురై చార్జి తాగేస్తుంది, చీకటి పడ్డాక దీపం లేకుండా బరువు బండి తోసుకుంటూ రావలసి ఉంటుంది. సగానికి పైగా చార్జి ఉండగానే వెనక్కు తిరగడం మేలు.

కోతల కాలంలో శెనక్కాయలు, జొన్నలు, కొర్రలు రోడ్డు మీదే ఆరబోస్తారు. రోడ్డు దీనికి కాదని వాదించవచ్చు గానీ, ఆ కుప్ప ఒక కుటుంబం ఏడాది కష్టం. దాని మీద నుంచి తొక్కితే గింజ చితుకుతుంది, చక్రమూ జారుతుంది. దిగి, మిగిలి ఉన్న అంచున నడిపించుకొని పొండి.

చీకటి, అడవి

చీకట్లో ముందు దీపం నేలకు వంగి, పది పదిహేను మీటర్ల దూరంలో పడేలా బిగించుకోవాలి. ఎదుటి మనిషి ముఖాన కొడితే ఆయనకు కాసేపు దారి కనబడదు, పక్కనే కాలువ ఉందన్న సంగతి గుర్తుంచుకోవాలి. వెనుక ఎర్ర దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. వెచ్చటి బాట మీదికి రాత్రిపూట పాములు వస్తాయి కనుక చీకట్లో దిగేటప్పుడు కాలు పెట్టే చోటు చూసుకోండి.

నల్లమల పులుల అభయారణ్యంలోకీ, కడప జిల్లా లంకమల అభయారణ్యంలోకీ అటవీశాఖ అనుమతి లేకుండా సైకిల్ కూడా తీసుకుపోరాదు. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనబడింది ఈ లంకమల పక్క చిట్టడవిలోనే. అది రాత్రి తిరిగే పక్షి, పొదల మధ్య నేల మీద బతుకుతుంది. శబ్దం లేని బండి కదా అని చీకట్లో పొదల్లోకి పోవడం దానికి హాని. ఉగాది ముందు శ్రీశైలానికి కాలినడకన పోయే భక్తుల అడవిదారి కూడా నడిచేవారికే వదిలేయవలసినది.

ఎండ, బ్యాటరీ

మన ఎండాకాలంలో 42, 43 డిగ్రీలు సాధారణం, ఎండలో నిలిపిన బండి బ్యాటరీ పెట్టె అంతకంటే చాలా వేడెక్కుతుంది. లిథియం బ్యాటరీలను సాధారణంగా 45 డిగ్రీలకు పైన చార్జి చేయకూడదు. తిరిగి వచ్చిన వెంటనే చార్జింగుకు పెట్టకుండా నీడలో చల్లారనివ్వండి. కంపెనీ ఇచ్చిన చార్జరే వాడండి. వాకిలి దగ్గర, మెట్ల కింద, నిద్రపోయే గదిలో చార్జింగు పెట్టవద్దు, నిప్పు పుడితే బయటికి పోయే దారే మూసుకుపోతుంది. ఉబ్బిన, వాసన వేస్తున్న, కింద పడి పగిలిన బ్యాటరీని ఇక వాడరాదు. ఎండ రోజుల్లో పదకొండు నుంచి నాలుగు దాకా బయలుదేరకపోవడం బండికే కాక మనిషికీ మంచిది.

దెబ్బ తగిలితే

రిజిస్ట్రేషన్ అక్కరలేని ఈ బండికి తప్పనిసరి బీమా కూడా లేదు. అంటే మీ వల్ల ఎవరికైనా గాయమైతే ఆ ఖర్చు భరించడానికి మీ వెనుక బీమా కంపెనీ ఉండదు, బాధ్యత పూర్తిగా మీదే. వ్యక్తిగతంగా, ఇతరులకు జరిగే నష్టాన్ని కూడా కవర్ చేసే పాలసీ దొరికితే తీసుకోవడం మంచిది.

తగిలిన వెంటనే ఆగి, మోటారు ఆపి, పడ్డవారిని తొందరపడి లేపకుండా ముందు మాట్లాడించండి. ముసలివారు పిర్ర మీద పడితే తుంటి ఎముక విరిగి ఉండవచ్చు, నొప్పి లేదని వారు అన్నా కాలు కదపలేకపోతే లేపవద్దు. తలకు దెబ్బ తగిలినా, వాంతి వచ్చినా, మాట తడబడినా 108కు ఫోన్ చేయాలి. గట్టు మీద చిరునామా చెప్పడం కష్టం కనుక దగ్గరి తూము నంబరు, వంతెన, ఊరి పేరు చెప్పండి, ఫోనులోని లొకేషన్ ఇంటివారికి పంపి ఒకరిని అంబులెన్సు వచ్చే రోడ్డు దగ్గర నిలబెట్టండి. గాయపడినవారి ఇంటికి కబురు మీరే చేసి, ఆసుపత్రిదాకా వెంట వెళ్ళాలి. జీవానికి దెబ్బ తగిలితే కాపరిని పిలిచి, పశువుల అంబులెన్సుకు 1962 నంబరుకు ఫోన్ చేసి, వైద్యానికి అయ్యే ఖర్చు అక్కడే మాట్లాడుకొని, మీ పేరూ ఫోన్ నంబరూ ఆయనకు ఇచ్చిన తరువాతే బండి ఎక్కండి.